పునుగుపిల్లి తరఫున

మా మామ బస్సు తోలేవాడు. మామ అంటే నా మొగుడే. మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. మా వైపు ఇలాంటి పెళ్ళిళ్ళు మామూలే. కాబట్టి మా అత్తగారు వేరే ఎవరో కాదు, మా అమ్మను కన్న అవ్వే. చంకనేసుకుని పెంచిన మనిషి, పెళ్ళి కాగానే అత్త హోదాలో నా మీద పెత్తనం చెయ్యాలని చూసింది గానీ ఆ పప్పులు నా దగ్గర ఉడకలేదు. అవ్వ అని పిలిచిన నోటితో అత్తా అని పిలవమంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క, బస్సుల వెనక పెద్ద ఇనప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. మామ తోలే బస్సు పుత్తూరుకూ తిరుపతికీ మధ్య తిరిగేది. రాత్రికి మా ఊరు వడమాలపేటలోనే నిలిచేది. వేకువన కండక్టరు డ్రమ్ము దగ్గర నిలబడి పిడి తిప్పి తిప్పి బొగ్గును మండిస్తే, దగ్గుతూ తుమ్ముతూ బండి లేచేది. కండక్టరు మా ఊరివాడే, తల నెరిసిన మనిషి. ఊళ్ళో ఏ కబురైనా అతని నోట్లో పడ్డాకే నలుగురికీ తెలిసేది. మామ అతనికి పూర్తిగా భిన్నం. ఆయనది విప్పే నోరు కాదు, నాది మూసే నోరు కాదు. ఇద్దరినీ కలిపి చూస్తే సరిపోయింది అనేది అవ్వ.

ఒకనాటి వేకువన బస్సు మా ఇల్లు దాటి ఊరి చివర రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గరకు పోయిందో లేదో, దబ్బుమని చప్పుడయింది. నేను వాకిట్లోనే ఉన్నాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుగెత్తాను. బస్సు ముందు మామ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా రోడ్డు మీద ఒక జంతువు పడి ఉంది. బూడిద రంగు ఒళ్ళు, వీపు మీద నల్ల చారలు, పక్కల చుక్కలు, తోక పొడుగునా కట్లు. ఒంటి మీద పెద్ద గాయం కూడా లేదు. కానీ ప్రాణం పోయింది.

కండక్టరు ఒంగి చూసి, "పునుగుపిల్లి గదప్పా ఇది" అన్నాడు.

మా చుట్టుపక్కల వాళ్ళకైతే ఆ ఒక్క మాట చాలు. తక్కినవాళ్ళకు చెప్పాలి. ఈ పిల్లి నుంచి వచ్చే తైలాన్ని కొండ మీద స్వామికి శుక్రవారం అభిషేకం అయ్యాక ఒంటికి పూస్తారు. అందుకే మావాళ్ళు దాన్ని స్వామి సొత్తు కింద చూస్తారు. అడవిలో ఎదురుపడితే దండం పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. మామ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఖాకీ చొక్కా విప్పి దాన్ని అందులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుని మా పెరట్లోకి నడిచాడు. మునగచెట్టు కింద ఆయనే గుంట తవ్వాడు. బస్సులో కొండకు పోయే జనం గొణుక్కుంటూ దిగి వచ్చారు గానీ, సంగతి తెలిసి గుంట చుట్టూ నిలబడి గోవిందా అన్నారు. ఆ తర్వాత మామ బస్సును తిరుపతికి తోలాడు. నడిచిపోయేవాళ్ళు బస్సును దాటిపోయారట, అంత మెల్లగా. సాయంత్రం తిరిగి వచ్చి, బండి స్టార్టుకు తిప్పే హ్యాండిలు కండక్టరు చేతిలో పెట్టాడు.

"ఇంక నేను తోల్లేను" అన్నాడు.

బస్సు ఓనరు తిరుపతిలో ఉండేవాడు. మంచివాడే. పై శుక్రవారం దాకా పుత్తూరు నుంచి వేరే డ్రైవరును పెట్టి నడిపిస్తాననీ, అప్పటికీ మామ రాకపోతే ఆ సీటు ఆ డ్రైవరుకే ఇచ్చేస్తాననీ కబురు పెట్టాడు. తప్పు పట్టడానికి లేదు. కానీ మామకు ఇంకో పని తెలియదు. తెలిసినా చెయ్యలేడు. స్టీరింగు పట్టుకున్నప్పుడే ఆయన నిటారుగా కూర్చునేవాడు. ఆ సీటు పోతే నా ఇంట్లో మిగిలేది ఎలాంటి మనిషో నాకు ఆ వారంలోనే అర్థమైంది. పీట మీద కూర్చుని సంగటి తింటూ తింటూ కుడికాలితో నేలను గట్టిగా తొక్కేవాడు.

"ఏంది మామా అది?" అన్నాను.

"బ్రేకు" అన్నాడు.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళకు కొదవ లేదు. మనిషి కాదు కదా అనేవాళ్ళు. అడవి జంతువు రోడ్డు మీదికి వస్తే నువ్వేం చేస్తావు అనేవాళ్ళు. మామ అందరికీ తల ఊపేవాడు, ఎవరి మాటా లోపలికి పోయేది కాదు. ఖాకీ చొక్కాను కుంకుడుకాయతో ఉతికాడు, బూడిదతో ఉతికాడు, చవుడు పెట్టి ఉతికాడు. పునుగు వాసన పోలేదు. బస్సు ముందు భాగాన అంటిన వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంజను వేడికి అది బండి అంతా వ్యాపించింది. దాంతో కండక్టరుకు పండగయింది. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని వార్తలు చెప్పేవాడు.

"కొండకు పోయేవోళ్ళంతా మన బండి కోసరమే కాసుకోనుండారప్పా. వేరే బండి వొస్తే ఎక్కడం ల్యా. గుడి వాసనొచ్చే బండి యాడని అడగతాండారు. ఎక్కంగానే కండ్లు మూసుకోని దండం పెడతాండారు."

మామ లేచి లోపలికి పోయాడు. నేను కండక్టరును చెడామడా తిట్టాను. అతనికి ఎందుకు తిడుతున్నానో అర్థం కాలేదు. శుభవార్త చెప్పాననే అనుకున్నాడు పాపం.

అవ్వది ఇంకో దారి. ఆవిడ కొత్త దూదితో బస్సు మడ్‌గార్డు తుడిచి, ఆ దూదిని కుంకుమ భరిణెలో పెట్టి స్వామి పటం ముందు ఉంచింది. పొద్దునా సాయంత్రం మూత తీసి వాసన చూసి పరవశించేది. నన్నూ చూడమంది.

"నాకు పిల్లి కంపే కొడతాండాది" అన్నాను.

అవ్వ గబగబా లెంపలు వేసుకుంది, నా తరఫున. తర్వాత ఆవిడకు కొత్త బెంగ పట్టుకుంది. పిల్లిని చంపితే బంగారుపిల్లిని చేయించి దానం ఇవ్వాలని మావాళ్ళ నమ్మకం. మరి పునుగుపిల్లి పిల్లి కింద లెక్కా కాదా? ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనూ ఇదే అడిగేది. మూతి నక్కలా ఉంటుంది కాబట్టి కాదని కొందరు, చెట్టెక్కుతుంది కాబట్టి అవునని కొందరు. మా అరుగు మీద ఆ వారం యుద్ధం ఊసే లేదు.

బంగారానికి మా దగ్గర దారి లేదు. అవ్వ పసుపు ముద్ద కలిపి తానే ఒక పిల్లిని చేసింది. ఆవిడ చేతికి గొబ్బెమ్మలు తప్ప ఇంకేం చేయడం రాదు. పొట్ట లావుగా వచ్చింది, కాళ్ళు పొట్టిగా వచ్చాయి, తోక ముందుకు వంగిపోయింది. దానం పట్టడానికి ముసలి పురోహితుణ్ణి పిలిచింది. ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. వస్తూనే పళ్ళెంలోకి తొంగి చూసి, "వినాయకుడు బాగా కుదిరినాడమ్మా, తొండం రోంత లావైంది గానీ" అన్నాడు. మేము నోరు తెరిచేలోపలే మామను కూర్చోబెట్టి, సంకల్పం చెప్పించి, ఆ పసుపుపిల్లికి పత్రితో పూజ చేయించి, బెల్లం నైవేద్యం పెట్టించి, విఘ్నాలన్నీ తొలగిపోతాయని దీవించి, దక్షిణ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి పారిపోయి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా వెనకే అవ్వా వచ్చింది, ఆవిడకూ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి నవ్వలేక.

మామ మాత్రం నవ్వలేదు. పళ్ళెం వంక చూస్తూ కూర్చుని, "కాణిపాకం పోయొస్తా" అన్నాడు.

మా నవ్వు ఆగిపోయింది. కాణిపాకం వినాయకుడి దగ్గరకు మొక్కులు తీర్చుకోవడానికి పోతారు, దానికి భయం లేదు. కానీ ప్రమాణం చెయ్యడానికి పోయేవాళ్ళు వేరు. పొలం గట్టు జరిపావనో, ఎద్దును దొంగిలించావనో ఒకరి మీద ఒకరికి అనుమానం వస్తే, ఇద్దరూ కలిసి పోతారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో ఆ దేవుడి ముందు నిలబడి చెప్పిన మాటకు ఇక తిరుగు లేదు. అక్కడ అబద్ధం చెప్పి బాగుపడ్డవాణ్ణి మా వైపు ఎవరూ ఎరగరు.

"కావాలని గుద్దలేదని ఆడ ప్రమాణం చేస్తా. నోట్లోంచి మాట సరిగ్గా వొస్తే తోలతా. రాకుంటే ల్యా" అన్నాడు మామ.

"నాయనా, నిజమేగదా? కావాలని చెయ్యలేదు గదా?" అంది అవ్వ. కొడుకు పళ్ళెంలోని పత్రిని ఏరుతూ కూర్చున్నాడు. ఆయన ఏదో మింగుతున్నాడని అర్థమైంది. ఒంటరిగా పంపే ప్రశ్నే లేదని, నేనూ వస్తానని మూట కట్టాను. పాలిచ్చే ఎనుమును చూసుకోవడానికి అవ్వ ఇంటి దగ్గర ఉండిపోయింది.

తిరుపతి దాకా మా బస్సే. గుడి వాసన తగలకుండా మామ వెనక డ్రమ్ము పక్కన, పొగలో కూర్చున్నాడు. దిగేసరికి బొగ్గు మనిషిలా ఉన్నాడు. తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కాము. మిట్ట వచ్చినప్పుడల్లా అందరం దిగి తోయాలి. బొగ్గు బస్సుల ప్రయాణమంటే అదే, టిక్కెట్టు కొనుక్కుని మరీ తోసేవాళ్ళం. మామ అందరికన్నా ముందు దిగి భుజం ఆనించేవాడు. రెండో మిట్ట దగ్గర ఉండబట్టలేక, "గాలి రోంత తగ్గించప్పా, గ్యాసు అందడం ల్యా" అని డ్రైవరుకు కేక వేశాడు. ఆ డ్రైవరు అలాగే చేశాడు, బస్సు ఎక్కేసింది. వారంలో మొదటిసారి మామ గొంతు మామ గొంతులా వినిపించింది. ఈ మనిషి సీటు పోకూడదు దేవుడా అని అక్కడే, ఆ మిట్ట మీదే మొక్కుకున్నాను.

చిత్తూరు నుంచి ఎద్దులబండిలో కాణిపాకం చేరాము. ప్రమాణం అయ్యేదాకా ఏమీ తినకూడదని మామ అనేసరికి నేనూ పస్తే. కోనేట్లో మునిగి తడిబట్టలతో లోపలికి పోయాము. స్వామి వెలసిన బావి, ఆ నీళ్ళు, ఒక దీపం. పూజారి నడివయసు మనిషి. వణుకుతున్న మామను చూసి, "ఏం తగాదాప్పా? గట్టుదా, గొడ్డుదా?" అన్నాడు.

"నా బండి కింద ఒక ప్రాణం పోయింది సామీ. కావాలని చెయ్యలేదని ప్రమాణం చెయ్యాల."

పూజారి ముఖం మారిపోయింది. "ఎవురు పోయినారు?"

"పునుగుపిల్లి."

పూజారి నా వైపు చూశాడు. నిజమేనని తల ఊపాను. ఆయన నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆయనకు దండం పెడతాను.

"సరే నాయనా. కానీ నువ్వు చేసినావని ఒకరనాల, ల్యాదని నువ్వనాల. అప్పుడు గదా ప్రమాణం. నిన్ను అడిగేవోళ్ళే ల్యాకుంటే సామికి ఏమని సెప్పేది? ఎదురు పార్టీ యాడుండారు?"

మామ తల వంచుకున్నాడు. "మా పెరట్లో, మునగచెట్టు కింద ఉండాది సామీ."

నాకు ఆకలి, చలి, వాటి మీద కోపం. ఇంత దూరం వచ్చి ఎదురు పార్టీ లేదని వెనక్కి పోవడమా? "పిల్లి తరఫున నేనడగతా" అన్నాను.

"ఈయమ్మ ఎవురు?"

"నా పెండ్లాం సామీ."

"పెండ్లాన్ని మించిన ఎదురు పార్టీ యాడ దొరకతాదిలే. అడగమ్మా" అన్నాడు పూజారి.

నేను మామకు ఎదురుగా నిలబడ్డాను. మొదట వేళాకోళంగానే మొదలుపెట్టాను గానీ, ఆయన నా ముందు చేతులు కట్టుకుని నిలబడేసరికి గొంతు దానంతట అదే మారింది.

"నిద్రపోతా తోల్తివా?"

"ల్యా."

"బీడీ ముట్టిస్తా ఉంటివా?"

"ల్యా."

"కండక్టరు ఏమన్నా సెప్తా ఉండెనా?"

"ల్యా. వాడు వెనకాల ఉండె."

"మల్ల నేను రోడ్డు మీదికి వొస్తే నీకు ఎందుకు కనపళ్ళా? యాడ సూస్తా ఉంటివి?"

మామ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చొక్కా అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇదే ఆయన వారం నుంచి మింగుతున్నది.

"అద్దంలో" అన్నాడు చివరికి. "పక్కనుండే అద్దంలో. నువ్వు లాంతరు పక్కన పెట్టుకోని ముగ్గేస్తా ఉంటివి గదా. బండి మోరీ దాటేదాకా అద్దంలో కనపడతావు. దినామూ సూస్తా పోతా. ఆ పొద్దూ సూస్తా ఉంటి. ఎవురికన్నా సెప్తే నీ వల్లేనంటారని సెప్పలా."

నాకు నోట మాట రాలేదు. నాకు. పెళ్ళయిన నాటి నుంచీ నేను వాకిట్లో ఒంగి ముగ్గు వేస్తుంటే ఆ బస్సు నా పక్కనుంచే వెళ్ళేది. ఒక్కనాడు తల తిప్పింది లేదు, పోయొస్తానన్నది లేదు. కొయ్యబొమ్మను కట్టుకున్నానని మా అమ్మ దగ్గర ఏడ్చాను కూడా. ఆ మనిషి రోజూ నన్ను చూసుకుంటూ పోయాడట. ఒళ్ళంతా సంతోషం పొంగింది. ఆ వెంటనే సిగ్గేసింది. పిల్లి తరఫున నిలబడి సంతోషపడుతున్నానే అని. అది చచ్చిపోయింది ఆ చూపు వల్లే కదా.

పూజారి చక్కగా వెలుగుతున్న దీపం వత్తిని ఊరికే సవరించాడు.

"కావాలని చెయ్యలేదు సామీ. రోడ్డు మాత్రం సూడలేదు. రెండూ నిజమే" అన్నాడు మామ. మాట తడబడలేదు.

"ఏమ్మా, నీ పార్టీకి ఏం కావాల?" అని నన్ను అడిగాడు పూజారి.

ఏం కావాలో నాకు తెలుసు. ఆ పిల్లికి నోరుంటే అదే అడిగేది. నోరు నాది, అడగక తప్పదు. "ఇంక తోలేటప్పుడు అద్దంలో ఇంటిపక్క సూడగూడదు" అన్నాను. చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. తెలిసిన నిమిషంలోనే పోగొట్టుకున్నాను.

మామ తలెత్తి చూశాడు. "నువ్వే అడగతాండావా?"

"పిల్లి అడగతాండాది."

ఆయన కర్పూరం మీద చెయ్యి ఉంచి ఒట్టు పెట్టుకున్నాడు. బయటికి వచ్చి, అంగడి దగ్గర చిత్రాన్నం కొనుక్కుని మండపం నీడలో తిన్నాము. మామ రెండోసారి పెట్టించుకున్నాడు. మధ్యలో నావైపు చూసి నవ్వాడు, వెంటనే విస్తట్లోకి తల దించుకున్నాడు. తిరుగు ప్రయాణంలో నేను నోరు మూసుకునే ఉన్నాను. ఇంటికి చేరాక అవ్వ నా నుదురు తడిమి జ్వరమేమో అని చూసింది.

శుక్రవారం నాడు మామ సీటెక్కాడు. నేను అప్పటికే లేచి ముగ్గు ముగించేశాను. ఇంత తొందరేమొచ్చిందే అని అవ్వ అడుగుతున్నా పలకకుండా లాంతరు తీసుకుని బస్సు కన్నా ముందే మోరీ దగ్గరకు నడిచాను. రోడ్డుకు రెండు పక్కలా పొదల్లోకి లాంతరు పెట్టి చూశాను. చప్పట్లు కొట్టాను, హుష్ హుష్ అన్నాను. ఒక కుందేలు అదిరిపడి చేలోకి దూకి పోయింది. ఇంకేమీ లేదని తేలాక, మోరీ అవతల రోడ్డు పక్కన నిలబడి లాంతరు పైకెత్తాను. బస్సు దగ్గుతూ వచ్చింది. మామ రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, తల ఎటూ తిప్పకుండా, నేరుగా రోడ్డునే చూస్తున్నాడు. ఆ రోడ్డు మీద నేనున్నాను.

"ఏందప్పా ఇది, రైలుకు గార్డు మాదిరి?" అని వెనకనుంచి కండక్టరు అరిచాడు. మామ బదులు చెప్పలేదు గానీ, మొదటిసారి నా కోసం హారను నొక్కాడు.

ఆ తర్వాత మామ ఆ రూటులో తోలినన్నాళ్ళూ అదే పద్ధతి. పొదలు చూడకుండా లాంతరు ఎత్తింది లేదు. జ్వరంగా ఉన్న రోజున అవ్వను పంపాను, తిట్టుకుంటూనే పోయింది. పిల్లి తరఫున ఒప్పుకున్న పని, మధ్యలో మానకూడదని అడిగినవాళ్ళకు చెప్పేదాన్ని. మామను ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అడిగినా చెప్పే మనిషి కాదు. నేను లాంతరు ఎత్తేదాకా మాత్రం బండిని మోరీకి ఇవతలే నిలిపి ఉంచేవాడు.